తెర మీది పుట, తల మీది బరువు

విమర్శ యనగానే మనకు కావ్యమో, నాటకమో, నవలయో తలపునకు వచ్చును. రచయిత భావమేమి, శైలి యెట్టిది, పాత్రపోషణ కుదిరినదా అని విచారింతుము. ఆ వ్రాత ఏ పుట మీద ఏ వరుసలో నిలిచినది, దేని పక్కన ఏది ఉన్నది, ఎంత జాగా విడువబడినది అను సంగతిని అచ్చుకూటమువారి పనిగా భావించి విడిచిపెట్టుదుము. కాని నేడు మన యిండ్లలో పెద్దలును పిన్నలును ఎక్కువసేపు చదువుచున్నది కాగితపు పుటను కాదు, గాజుతెర మీది పుటను. తెర వలన కన్నులు చెడునని నిందించువారున్నారు. తెర లేనిదే దినము గడువదని పొగడువారును ఉన్నారు. ఫలానా తెర మీద ఫలానా వస్తువును ఫలానా చోట ఉంచుట చదువరికి మేలా, కీడా అని తూచి చెప్పువారు మాత్రము మనలో అరుదు. తెరకును విమర్శ కావలెను. ఆ విమర్శ రంగులను గూర్చియు, అందమును గూర్చియు కాక, చదువరి జ్ఞాపకము మీద అది మోపు బరువును గూర్చి సాగవలెనని నా యభిప్రాయము.

ఇట్టి విచారమునకు మన దేవసూగూరు తగిన చోటు. కృష్ణకు దక్షిణపు టొడ్డున, సూగూరేశ్వరుని కోవెలతో పేరుగన్న ఊరు. నది దాటిన తెలంగాణము. ఒకప్పుడు రెండు గట్లును హైదరాబాదు సంస్థానములోనివే. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు రాయచూరు జిల్లా అప్పటి మైసూరు రాష్ట్రమున చేరెను. పాలన మారినను ఈ గట్టున తెలుగు నిలిచినది. ఊరికి ఆనుకొని శక్తినగరమున రాయచూరు తాప విద్యుత్ కేంద్రము వెలసినది. 1985లో తొలి యూనిట్టు పని మొదలిడెను; 2010 నాటికి 210 మెగావాట్లవి ఏడు, 250 మెగావాట్లది ఒకటి, వెరసి 1720 మెగావాట్ల సామర్థ్యము కలిగెను. అట్టి కేంద్రమున బొగ్గు దించువారు, మర బిగించువారు, లెక్క వ్రాయువారు ఎందరో ఉందురు. వారిలో నియంత్రణశాలలో కూర్చుండు ఆపరేటరు వృత్తి విచిత్రమైనది. ఎనిమిది గంటల షిఫ్టులో అతడు చేయు ముఖ్యమైన పని చదువుట. అతడు తప్పు చదివిన, లేక చదివినది మరచిన, ఫలితము పరీక్షలో మార్కులు తగ్గుటవంటిది కాదు.

ఏమి చదువును? బాయిలరు డ్రమ్ములోని నీటిమట్టము చదువును. అది మితిమీరి తగ్గిన గొట్టములు కాలిపోవును. మితిమీరి పెరిగిన నీరు ఆవిరితో కలిసిపోయి టర్బైను రెక్కలను దెబ్బతీయును. పొయ్యిలోని గాలి యొత్తిడి బయటి గాలికంటె కొంచెము తక్కువగా నున్నదో లేదో చదువును. టర్బైను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నదా యని చూచును. మన యింటి దీపమునకు వచ్చు సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తునకు మూలమదియే. వీనిలో ఏ యొక్కటియు ఒంటరిగా నుండదు. నీరు, నిప్పు, గాలి, ఆవిరి ఒకదానినొకటి లాగుచుండును. కావున అతడు అంకెలను కాదు, అంకెల నడుమ సంబంధమును చదువవలెను. ఇది పద్యములో అన్వయము కుదుర్చుకొనుటవంటి పని.

1980లలో మన దేశమున అట్టి యూనిట్లను కట్టినపుడు నియంత్రణశాల యన్న పొడవైన గోడ. గోడ నిండ మీటర్లు. నీటికి, ఆవిరికి, గాలికి, బొగ్గుపొడికి వేర్వేరు భాగములు. ముందరి బల్ల మీద మీటలు. పై వరుసలలో చిన్న చిన్న గాజుపలకలు, ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క ఆపద పేరు. ఆపద తోచినపుడు ఆ పలక వెనుక దీపము మినుకుమినుకు మనును, గంట మ్రోగును. కాగితపుచుట్ట మీద కలము గీచు గీత గడచిన గంటల చరిత్రను చూపుచుండును. ఈ గోడకు అందము లేదు. కాని దాని మీద ప్రతి వస్తువునకును మారని చోటొకటి కలదు. పదేండ్లు పనిచేసినవాడు పలక మీది అక్షరములను కూడబలుకుకొనడు. ఎడమవైపు మూడవ వరుసలో వెలుగు కనబడినంతనే విషయము తెలిసిపోవును. నాలుగడుగులు వెనుకకు జరిగి నిలుచున్నను, ముండ్లన్నియు నిలువుగా నున్న వరుసలో ఒక ముల్లు ఒరిగిన చూపు దాని మీదికే పోవును. ఇక్కడ జ్ఞాపకపు పనిలో సగము గోడయే చేయుచున్నది.

పిమ్మట కంప్యూటరు వచ్చెను. గోడ ముడుచుకొని బల్ల మీది తెరలలో ఇమిడెను. లాభములు లేకపోలేదు. లెక్క సూక్ష్మమైనది, గత వారపు చరిత్ర క్షణములో దొరకును, కూర్చున్నచోటు నుండి లేవకయే వందల కవాటములను నడుపవచ్చును. కాని గోడ మీద ఏకకాలమున పక్కపక్కన నిలిచిన వస్తువులు తెరలో ఒకదాని వెనుక ఒకటిగా పుటలై పేరుకొన్నవి. ఒక పుట కనబడుచున్నపుడు తక్కినవి కనబడవు. తాళపుచెవి దూర్చు రంధ్రములోనుండి గదిని చూచినట్లున్నదని డేవిడ్ వుడ్స్ అను అమెరికా పరిశోధకుడు దీనిని పోల్చెను. పోలిక చక్కగా కుదిరినది. డ్రమ్ములో నీరు తగ్గుచున్నదనుకొందము. నీటిపంపు మందగించినదా, గొట్టమునకు చిల్లి పడినదా, ఆవిరి వాడుక హఠాత్తుగా పెరిగినదా? మూడును మూడు పుటలలో నున్నచో, ఆపరేటరు మొదటి పుటలోని అంకెను మనసున పట్టుకొని రెండవ పుటకు పోవలెను. రెండింటిని పట్టుకొని మూడవదానికి పోవలెను. త్రోవలో అలారము మ్రోగిన, చేతిలోని అంకె జారిపోవును. మరల మొదటికి.

ఇట్లు జారిపోవుట ఆ మనిషి అశ్రద్ధ కాదని మనశ్శాస్త్రజ్ఞులు ఏనాడో చూపిరి. ఒక్కసారిగా మనసున నిలుపుకొనగల ఖండములు ఏడు, కొంచెము అటునిటు, అని జార్జ్ మిల్లర్ 1956లో వ్రాసెను. నెల్సన్ కోవన్ 2001లో లెక్కను ఇంకను తగ్గించి నాలుగింటికి తెచ్చెను. 1959లో పీటర్సన్ దంపతులు మూడక్షరములు వినిపించి, వెంటనే అంకెలను వెనుకకు లెక్కింపుమని చెప్పి చూచిరి. పదునెనిమిది సెకనులు గడచునప్పటికి ఆ మూడక్షరములును చాలవరకు మాసిపోయెను. మూడక్షరములు, పదునెనిమిది సెకనులు! ఒక పుట నుండి ఇంకొక పుటకు పోవుటకును, నడుమ వచ్చిన గంటను ఆపుటకును పట్టు కాలమంతే కదా. పని జరుగుచున్నపుడు మనసు మోయు ఈ బరువును బుద్ధిభారమందము. దీనిని చదువు చెప్పు పద్ధతులకు అన్వయించి ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ 1980లలో ఒక సిద్ధాంతమును కట్టెను. అందులోని ముఖ్యాంశము సామాన్యునికిని బోధపడునదే: విషయము సహజముగా కలిగియున్న కష్టము వేరు, దానిని చూపిన తీరు వలన కలుగు కష్టము వేరు. మొదటిది తప్పదు. రెండవది చూపినవాని లోపము.

ఇంతవరకు చదివినవారు గోడ మంచిది, తెర చెడ్డది అని నేను తీర్పు చెప్పబోవుచున్నట్లు తలపవచ్చును. అది సరికాదు. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రమున ప్రమాదము జరిగినపుడు ఆపరేటర్ల యెదుట నున్నది గోడయే. మొదటి కొలది నిమిషములలో నూరింటికి మించిన అలారములు మ్రోగెను. ఒక కవాటము మూయబడక నిలిచిపోయెను. దానికి సంబంధించిన దీపము మాత్రము ఆరెను. ఆ దీపము కవాటము మూసికొన్నదని చెప్పునది కాదు, మూసికొనుమన్న ఆజ్ఞ వెళ్లినదని చెప్పునది. నీరు బయటికి పోవుచున్నదని తెలుపగల తొట్టి కొలమానము ప్రధానమైన పలకలకు వెనుకవైపున అమర్చబడి యుండెను. రెండు గంటలకు పైగా ఆ సంగతి ఎవరికిని తట్టలేదు.

ఇక తెరల కథ. 1994 జూలై 24న వేల్సు దేశమున మిల్ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారమున పేలుడు జరిగెను. పేలుడునకు ముందు చివరి పదునొకండు నిమిషములలో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారములు వచ్చిపడెను. కర్మాగారమంతటి స్థితిని ఒక్కచూపులో తెలుపు పుట వారి తెరలలో లేదని బ్రిటిషు భద్రతాశాఖ విచారణలో తేలినది. ప్రాణనష్టము కలుగలేదు కాని ఇరువదియారుగురు గాయపడిరి.

ఒకచోట గోడ, ఒకచోట తెర, దోషమొక్కటే. చెదరిన ముక్కలను ఏరి కూర్చి చిత్రమును తయారుచేసికొను పని అమర్చినవాడు చేయలేదు, చదువరి నెత్తిన పెట్టెను. అదియును చదువరికి తీరిక లేని ఘడియలో. కావున గోడా తెరా అను వాదము నాకు రుచింపదు. ఏది కంటి యెదుట నిలిచియుండును, దేనిని మనసున మోయవలసివచ్చును? ఈ ప్రశ్నతో ఏ యమరికనైనను పరీక్షింపవచ్చును.

తెలుగువారికి ఈ విషయమును వివరించుటకు పరదేశపు దృష్టాంతములు అక్కఱలేదు. అష్టావధానమున్నది. ప్రపంచమున ఏ జాతియు జ్ఞాపకభారమునింత వేడుకగా సభకెక్కించి యుండదేమో! సమస్య యొకరు, దత్తపది యొకరు, నిషిద్ధాక్షరి యొకరు, వర్ణన యొకరు ఇత్తురు. అవధాని ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదము చెప్పుచు పోవును. నడుమ గంటలు మ్రోగును, వానిని లెక్కింపవలెను. అప్రస్తుత ప్రసంగి అడ్డుతగులుచు చమత్కారపు ప్రశ్నలు వేయును. వ్యస్తాక్షరి యన్న, ఒక వాక్యములోని అక్షరములను వరుస తప్పించి, అప్పుడొకటి అప్పుడొకటిగా అందింతురు. అన్నింటిని మనసున చోటుచోట కూర్చి చివరకు వాక్యము చెప్పవలెను. నియంత్రణశాలలోని ఆపరేటరు అలారముల వరదలో చిక్కినపుడు చేయుచున్నదేమి? వ్యస్తాక్షరియే. అడ్డుతగులువారు, గంటలు కొట్టువారు అక్కడను ఉన్నారు.

భేదములు రెండున్నవి. అవధాని ఏండ్ల తరబడి సాధన చేసి, తానే కోరి సభకు వచ్చినవాడు. ధారణ తప్పిన పరువు పోవునే కాని బాయిలరు పేలదు. రెండవది నాకు మరింత ముఖ్యముగా తోచును. అవధానసభకొక నియతి కలదు. పృచ్ఛకులు తమ తమ చోట్లను మార్చుకొనరు. ఆవృత్తి వరుస తెలిసినదే. సమస్య యిచ్చినవాడు రెండవ ఆవృత్తిలో లేచిపోయి దత్తపది వాని కుర్చీలో కూర్చుండడు. తిరుపతి వేంకట కవులంతటివారికిని ఈ మాత్రపు ఆధారము ఉండెనన్నమాట. నేడు తెరలను అల్లువారు ఆధారమును తీసివేసి అవధానము మాత్రము చేయుమనుచున్నారు.

స్థిరమైన చోటు మహిమను మన వంటయింటి పోపులపెట్టె ఎఱుగును. ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, మినపప్పు ఏ గిన్నెలో నున్నవో ఇల్లాలు చూడకయే తీయును. నూనె కాగుచున్నపుడు ఆలోచించుటకు వ్యవధి లేదు. ఆ పెట్టెను ఎవరైనను సర్ది అందముగా వేరు వరుసలో పెట్టిన, ఆనాటి పోపు మాడుట ఖాయము. పొయ్యిని గూర్చియు ఇట్టి పరీక్ష జరిగినది. నాలుగు పొయ్యిల గ్యాసుబల్లకు మీటలెట్లు అమర్చవలెనని అమెరికాలో షపానిస్, లిండెన్‌బామ్ అనువారు 1959లో పరిశీలించిరి. పొయ్యిలను కొంచెము పక్కకు జరిపి, మీటల వరుసకు సరిపోవునట్లు నిలిపినపుడు ఒక్క పొరపాటును జరుగలేదు. తక్కిన యమరికలలో జరిగెను. మనుషులు వారే, మీటలు నాలుగే.

కొందరు ఆధునికులు తెరను ఖాళీగా నుంచుటయే ఉత్తమమందురు; పుట మీద తక్కువ వస్తువులున్న తక్కువ బరువట. పంచాంగమును చూచిన ఈ మాట నిలువదు. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము, వాని వెంట వర్జ్యము, దుర్ముహూర్తము. చీమల బారువంటి అక్షరములు. క్రొత్తవాడు కంగారుపడును. అలవాటైన పెద్దలు మాత్రము వేలితో వరుస పట్టి క్షణములో చెప్పుదురు, ఏలయన ఏ యేటికాయేడు వరుస మారదు, కావలసినవన్నియు ఒక్క చూపులోనే యుండును. దానినే ఖాళీగా, అందముగా, ఏడు పుటలుగా విభజించి చూపిన, తిథి చూచి నక్షత్రమునకు పోవునప్పటికి తిథి మరచిపోవలసివచ్చును. కిక్కిరిసిన పుట కంటికి బరువు. చెదరిన పుట మనసుకు బరువు. కంటి బరువు అలవాటున తగ్గును. మనసు బరువు అంతగా తగ్గదు.

మన ప్రబంధవ్యాఖ్యానముల అచ్చులోను ఇదే నేర్పు కలదు. పద్యము పైన, దాని క్రిందనే ప్రతిపదార్థము, పిదప తాత్పర్యము. మాట పక్కనే అర్థము. అర్థములన్నింటిని గ్రంథాంతమున చేర్చిన ముద్రణలను చదువునపుడు ఒక వేలు ఇక్కడ, ఒక వేలు అక్కడ పెట్టి త్రిప్పుచు పద్యపు నడకనే పోగొట్టుకొందుము. చాండ్లర్, స్వెల్లర్ అనువారు 1992లో ప్రకటించిన పరిశోధనలో తేలినదియు ఇదియే. పటమొకచోట, వివరణ వేరొకచోట ఉంచినదానికంటె, వివరణను పటములోనే ఆయా భాగముల కడ చేర్చినపుడు విద్యార్థులు మేలుగా నేర్చుకొనిరి. మన వ్యాఖ్యాతలు ప్రయోగశాల లేకయే దీనిని పాటించిరి.

ఇందులో ఒక మెలిక గలదు. క్రొత్తవానికి ఊతమైన ప్రతిపదార్థము పండితునికి అడ్డు. అతని కన్ను దానిని దాటుకొని పోవలసియుండును. అనుభవము పెరిగినకొలది సాయమే భారమగునని స్వెల్లర్ శిష్యవర్గము తరువాతి కాలమున నిరూపించినది. రెండు భాషల పాఠములు ముద్రించుకొను మనవంటి కుటుంబములకు ఇది పనికివచ్చు సంగతి. బడిలో కన్నడము చదువు పిల్లకు ఇంట తెలుగు నేర్పునపుడు తెలుగక్షరము పక్కనే కన్నడాక్షరమును చూపిన తొలి నెలలలో ఎంతో మేలు. లిపులు అక్కచెల్లెండ్రు కావున పోలిక వెంటనే పట్టుబడును. అక్షరములు వచ్చిన పిదపను అన్ని పుటలలో రెండును ఉంచిన, కన్ను తనకు సులువైనదానివైపే పోవును, తెలుగు చదువబడదు. తెర మీది పాఠములో ఆ కన్నడపు వరుసను తగిన సమయమున తొలగించుట ఒక్క మీటతో పని. కాగితమునకు లేని ఈ సౌలభ్యము తెరకున్నదని ఒప్పుకొనవలెను.

ఇంటి తెరకు వత్తము. ఫోనులో డబ్బు చెల్లించునపుడు ఆరంకెల రహస్యసంఖ్య వచ్చును. అది సందేశముల పుటలోనికి వచ్చును. వ్రాయవలసినది చెల్లింపు పుటలో. తెర పైయంచున ఒక పట్టీ దిగి, రెండు మూడు క్షణములు నిలిచి మాయమగును. ఆ లోపల ఆరంకెలను పట్టుకొనవలెను, పుట మార్చవలెను, తప్పులేక వ్రాయవలెను. మిల్లరు చెప్పిన ఏడునకును, కోవన్ చెప్పిన నాలుగునకును నడుమ ఈ ఆరు సరిగా అంచున నిలిచినది. యువకునకు ఆట, డెబ్బదియేండ్ల పెద్దకు పరీక్ష. అంకెల పేర్ల నిడివియు ఇక్కడ లెక్కలోనికి వచ్చును. వేల్సు భాషలో అంకెల పేర్లు పలుకుటకు ఇంగ్లీషు కంటె ఎక్కువ కాలము పట్టును కావున ఆ భాషలో జ్ఞాపకముంచుకొనగల అంకెలు తగ్గుచున్నవని ఎల్లిస్, హెన్నెలీ అనువారు 1980లో చూపిరి. మన ‘ఎనిమిది’ నాలుగక్షరములు. కన్నడిగుల ‘ఎంటు’ రెండే. రాయచూరు సీమలో తెలుగు పెద్దలు ఇంట తెలుగే మాటలాడుచు, ఫోను సంఖ్య చెప్పునపుడు మాత్రము ఇంగ్లీషులోనికో కన్నడములోనికో దిగుట అలవాటు మాత్రమే కాదు, నాలుక చేసికొన్న పొదుపు కూడ అయియుండవచ్చును.

అంతకంటె బాధాకరమైనది మీటల చోట్లు మార్చుట. పెద్దలు నాలుగు నెలలు శ్రమపడి ‘క్రింద కుడిమూల నొక్కవలెను’ అని చేతికి నేర్పుకొందురు. ఒక ఉదయమున ఆ మీట పైకి పోవును, ఆ చోట ఏదో అప్పుల ప్రకటన వెలయును. చేయి పాత చోటునే నొక్కును. “తాతగారూ, నిన్ననే కదా చూపినాను, మళ్లీ మరచిపోయినారా?” అని మనుమడు నవ్వును. తాతగారు మరువలేదు, ఆయనకు బాగుగా జ్ఞాపకముండుటయే చిక్కైనది. జ్ఞాపకము చెడినదన్న మాట ముదిమిలో తేలికగా తగులునది కాదు. అది విన్న పెద్దలు ఫోనును ప్రక్కకు నెట్టుదురు, ఆ పిమ్మట పింఛను లెక్కకు, మందుల కొనుగోలునకు, దూరముననున్న కూతురితో మాటకు ఇంకొకరి తీరికకై కాచుకొందురు. మార్చినవాడెవడో వారికి తెలియదు, వానికి వీరు తెలియరు. పోపులపెట్టెను సర్దినవాడు ఇంటనే యున్న మందలింపవచ్చును.

తెలుగు లిపికి తెర చేయు అన్యాయము వేరొకటి. మన అక్షరమునకు పైన గుడి, క్రింద వత్తు. ఇంగ్లీషు అక్షరముల ఎత్తునకు కోసిన గడిలో పెట్టిన వత్తు తెగును. విభక్తులను తనలో కలుపుకొనిన మాట నిడుపైనది. గడి చాలక మూడు చుక్కలతో ముగియును. మీట మీద ‘రద్దు చేయండి’ అన్నదో, ‘రద్దు చేయవద్దు’ అన్నదో చుక్కల వెనుక దాగిన, చదువరి ఊహింపవలెను, లేక మునుపటి యనుభవమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వేరొకరి కొలతకు కుట్టిన చొక్కాను తొడిగి, ఇముడనిది నీ యొడ్డుపొడుగుల దోషమన్నట్లున్నది. ఇంగ్లీషులో తెరను సిద్ధపరచి, చివరి దినమున మాటలను తెనిగించి ఆ గడులలోనే పోయుట మానినగాని ఇది పోదు. మన పిల్లలలో ఈ వృత్తి చేయుచు బెంగుళూరులోను, హైదరాబాదులోను, సముద్రముల ఆవలను ఉన్నవారు అనేకులు. ఈ మాట వారికొఱకే వ్రాయుచున్నాను.

తెర బాగున్నదో లేదో ఎవరినడుగవలెను? అమెరికా అంతరిక్షసంస్థలో హార్ట్, స్టేవ్‌లండ్ అనువారు 1988లో ఒక పద్ధతిని ప్రకటించిరి. పని ముగిసిన వెంటనే చేసినవానినే ఆరు విషయములడుగుదురు: మనసునకెంత శ్రమ, శరీరమునకెంత శ్రమ, ఎంత తొందర, ఎంతవరకు నెరవేరినది, ఎంత పాటుపడవలసివచ్చినది, ఎంత విసుగు కలిగినది. విమానచోదకుల కొఱకు పుట్టినను నేడు ఆసుపత్రులలోను, కర్మాగారములలోను వాడుచున్నారు. ఇందులో నాకు నచ్చినది, తీర్పరి స్థానమున తెర చేసినవాడు కాక తెర చదివినవాడు కూర్చుండుట. మన ఇంట తాతగారిని ఈ ఆరు ప్రశ్నలు అడిగినవారెవరు?

అడుగకున్నను జవాబులు కనబడుచునే యున్నవి. ఏ కార్యాలయమునకైనను పోయి, కంప్యూటరు తెర చట్రమునకు అంటించిన కాగితపు చీటీలను చూడుడు. బ్యాంకు గుమాస్తా తెర అంచున శాఖల సంఖ్యలు. మందులకొట్టువాని తెర క్రింద ‘ముందు ఇది నొక్కి పిదప అది’ అన్న రెండు పంక్తులు. ఇంటిలో ఫోను వెనుక చొక్కాలో మడచిన చీటీ, గ్యాసు కనెక్షను సంఖ్య, కూతురి నంబరు, పెద్ద అక్షరములతో ‘పచ్చ మీట’ అని అమ్మమ్మ వ్రాత. ఏ తెర మీద ఏది ఉండవలసియుండి లేదో ఆ చీటీలలో నున్నది. తెరలు తయారుచేయు మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు, క్రొత్త ఫోను చేతికిచ్చుటకు ముందు, పాత ఫోను చొక్కా విప్పి ఆ చీటీని ఒకసారి చదువవలెనని కోరుచున్నాను.